కదలలేని రోజుల్లో ‘పాపియాన్’: పుస్తకాన్నీ సినిమానీ పక్కపక్కన పెట్టుకుని ఆశను వెతకడం ఎలా

మూడేళ్ల కిందట మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. ఉండేది లిఫ్టు లేని మూడో అంతస్తు. మోకాలి పైదాకా సిమెంటు కట్టు, ఆరు వారాలు కిందికి దిగే మాటే లేదు. మొదటి వారం చుట్టాలు యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చారు, రెండో వారం ఫోన్లు చేశారు, మూడో వారానికి నేనూ గోడ గడియారమూ మిగిలాం. ఆ వారంలోనే ఒక స్నేహితుడు తన అటక మీంచి దించి, దుమ్ము కూడా దులపకుండా పంపిన పుస్తకం ‘పాపియాన్’, ఆన్రీ షారియేర్ అనే ఫ్రెంచ్ ఖైదీ తన జైలు బతుకు గురించి రాసుకున్నది. తర్వాత సినిమా చూశాను. తర్వాత మళ్లీ పుస్తకం.

నా కాలికీ ఆ ఖైదుకీ పోలిక పెడితే ఎవరైనా నవ్వుతారు, నేను పెట్టడం లేదు. కానీ గదిలో ఇరుక్కుపోయినవాడు ఈ రెంటినీ ఎలా చదివితే ఏమైనా చేతికి దొరుకుతుందో ఆ ఆరు వారాల్లో కొంత తెలిసింది. హాస్టల్ గదిలో గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్లు, మంచాన పడ్డ తల్లిదండ్రులను చూసుకుంటూ గడప దాటలేనివాళ్లు, వీసా స్టాంపింగ్ తెగక ఇంటికి రాలేకపోతున్నవాళ్లు, ఎవరైనా ఈ పద్ధతి పట్టుకోవచ్చు. నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను: ఆ సినిమాలో ఆశ అంటే మొండితనం. పుస్తకంలో మాత్రం అది సగం లెక్కలు, సగం పక్కవాడి సాయం. ఈ తేడా మీ కంటికి మీకే కనిపించాలంటే కింది వరసలో వెళ్లండి.

1. ముందు పుస్తకం, తర్వాతే సినిమా

ఆన్రీ షారియేర్ 1906లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. ఛాతీ మీద సీతాకోకచిలుక పచ్చబొట్టు ఉండేది కాబట్టి అందరూ ‘పాపియాన్’ అనేవాళ్లు, ఫ్రెంచిలో సీతాకోకచిలుక అని అర్థం. 1931లో ఒక హత్య కేసులో యావజ్జీవ కఠిన శిక్ష పడింది. ఆ హత్య నేను చేయలేదని చచ్చేదాకా అంటూనే ఉన్నాడు. 1933లో ఓడెక్కించి దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాకి పంపేశారు. పారిపోవడం, దొరకడం, మళ్లీ పారిపోవడం, ఇదే కథ. ముప్ఫై ఏళ్లు దాటాక, వెనిజులాలో స్థిరపడ్డ అరవై ఏళ్ల మనిషిగా, బడిపిల్లల నోటుపుస్తకాల్లో రాసుకుంటూ పోయాడు. 1969లో అచ్చయింది.

తెలుగులో దీన్ని డాక్టర్ ఎం.వి.రమణారెడ్డి ‘రెక్కలు చాచిన పంజరం’ పేరుతో తెచ్చారు. దొరికితే అదే చదవండి. ఇంగ్లిష్‌లో అయితే ప్యాట్రిక్ ఓబ్రియన్ అనువాదం ఉంది. ఫ్రెంచ్ మూలం పదమూడు ‘నోటుపుస్తకాలు’గా ఉంటుంది, అధ్యాయాల బదులు. రోజుకి ఒకటి మించి చదవకండి. ఇది పట్టుకుంటే వదలబుద్ధి కాదు, నాకు తెలుసు, కానీ రెండు రాత్రుల్లో లాగించేస్తే మిగిలేది కథ ఒక్కటే.

సినిమా ముందు చూడొద్దని ఎందుకంటున్నానంటే, 1973లో వచ్చిన ఆ సినిమాలో హీరో స్టీవ్ మెక్వీన్. ఒకసారి ఆయన మొహం మనసులో పడిందా, ఇక పుస్తకంలోని వాగుడుకాయ, తిండిపోతు, గొప్పలు చెప్పుకునే షారియేర్ మీకు కనబడడు. పుస్తకం మొత్తం ఆ నోటి ధాటి మీదే నడుస్తుంది. 2017లో ఇంకో సినిమా కూడా తీశారు. అది చూడకపోయినా నష్టం లేదు.

2. పటం గీసుకోండి

ఫోన్‌లో మ్యాప్ చూడడం కాదు, కాగితం మీద పెన్సిల్‌తో గీయండి. మారోని నది ఒడ్డున సెయింట్ లారెంట్ అనే ఊరు, ఖైదీల ఓడలు వచ్చి ఆగేది అక్కడే. తీరానికి ఎదురుగా సముద్రంలో మూడు దీవులు: రోయాల్, సెయింట్ జోసెఫ్, డెవిల్స్ ఐలాండ్. మూడింటికీ కలిపి ఉన్న పేరు ‘రక్షణ దీవులు’. వెటకారం కాదు. 1760లలో తీరంలో వలసకి వచ్చిన ఫ్రెంచివాళ్లు జ్వరాలతో పిట్టల్లా రాలిపోతుంటే, మిగిలినవాళ్లు ఈ దీవులకు పారిపోయి బతికారు, అందుకని ఆ పేరు. తర్వాత అదే చోటుని జైలు చేశారు.

ఈ దీవులకి ఎదురుగా ఉన్న తీరం పేరు విన్నారంటే మీరే ఆశ్చర్యపోతారు. కౌరూ. మన ఇన్సాట్‌లు, జీశాట్‌లు ‘ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి’ ఎగిరాయని పేపర్లో ఎన్నిసార్లు చదివాం! 1981లో ఇస్రో వాళ్ల ఆపిల్ ఉపగ్రహాన్ని ఏరియాన్ రాకెట్ మోసుకెళ్లింది కూడా అక్కణ్నుంచే. షారియేర్ కొబ్బరికాయల సంచి మీద దాటాలని చూసిన నీళ్లు ఆ రాకెట్ కేంద్రం ముందరివే.

పటంలో ట్రినిడాడ్, కురసావ్, కొలంబియా తీరం, జార్జ్‌టౌన్, వెనిజులా కూడా పెట్టండి. అతను ఆగిన ప్రతిచోటా చుక్క పెట్టి, అక్కడ అన్నం పెట్టిందెవరో పక్కన రాయండి. ఏడో అడుగులో పనికొస్తుంది.

3. ‘ఇదంతా నిజమేనా?’ అన్నది ఇప్పుడే తేల్చుకోండి

మధ్యలో తేలితే మనసు విరుగుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను. అంతా నిజం కాదు. పుస్తకం వచ్చిన మరుసటి ఏడాదే, 1970లో, ఇతని మాటల్లో నిజమెంతో తేలుస్తూ ఫ్రాన్స్‌లో ఏకంగా రెండు పుస్తకాలు వచ్చాయి. వేరే ఖైదీలకు జరిగినవి తనకు జరిగినట్టు రాసుకున్నాడని, డెవిల్స్ ఐలాండ్‌లో ప్రధానంగా రాజకీయ ఖైదీలనే ఉంచేవారు కాబట్టి ఈయన అక్కణ్నుంచి దూకడం రికార్డులకు అతకదని ఆరోపణ. దేశద్రోహమని తప్పుడు కేసులో ఇరికించిన ఫ్రెంచ్ సైనికాధికారి కెప్టెన్ డ్రేఫస్‌ని 1895 నుంచి 1899 దాకా ఆ దీవిలో ఉంచిన మాట మాత్రం చరిత్రే.

నా మటుకు నేను ఒక పని చేశాను. పుస్తకంలో ‘నేను’ అన్నచోటల్లా ‘మాలో ఒకడు’ అని చదువుకున్నాను. అప్పుడు అబద్ధం అనే ముల్లు గుచ్చుకోదు. ఆ జైళ్లు ఉన్నాయి, 1852 నుంచి వేలమందిని అక్కడికి తోలారు, చాలామంది తిరిగి రాలేదు. ఆ వేలమంది రాత్రుళ్లు బ్యారక్‌లో చెప్పుకున్న కథలన్నీ ఒకడి నోట వస్తున్నాయనుకుంటే పుస్తకం చిన్నదవదు. అయినా ఇది ఒప్పుకోని పాఠకులుంటారు, వాళ్లతో నాకు తగువు లేదు, వాళ్లు ఈ మార్గదర్శి ఇక్కడితో ఆపేయొచ్చు.

4. అడుగులు లెక్కపెట్టండి, నిజంగానే

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, వెనక్కి తిరుగు. పుస్తకంలో ఈ లెక్క పల్లవిలా వస్తూనే ఉంటుంది. పారిస్‌లో శిక్ష పడిన కొత్తలోనే మొదలవుతుంది. మొదటిసారి పారిపోయి దొరికాక సెయింట్ జోసెఫ్ దీవిలో రెండేళ్ల ఒంటరి ఖైదు వేస్తారు, అక్కడ అదే అతని ఊపిరి. ఆ సెల్‌కి పైకప్పు లేదు, ఊచలున్నాయి. ఊచల మీద వార్డర్ అటూ ఇటూ తిరుగుతూ పైనుంచి చూస్తుంటాడు. మాట్లాడకూడదు. ఖైదీలు ఆ దీవికి పెట్టుకున్న పేరు ‘మనుషుల్ని మింగేది’.

ఆ భాగం చదివే రోజు మీ గది కూడా అడుగులతో కొలవండి. నాకు ఊతకర్రలతో కిటికీ నుంచి తలుపు దాకా ఏడు. కొలిచాక చదివితే ఆ పేజీలు వేరేగా అనిపిస్తాయి. అతను రోజంతా నడుస్తాడు, ఒళ్లు పూర్తిగా అలిసేదాకా. అలిశాక దుప్పటి మొహం మీదికి లాక్కుని, గాలి చాలక తల దిమ్మెక్కుతుంటే, ఆ మత్తులో చిన్నప్పటి ఊరికి వెళ్తాడు. అమ్మానాన్న ఇద్దరూ బడిపంతుళ్లు, అమ్మ అతని చిన్నతనంలోనే పోయింది. ఆ దుప్పటి కింద అమ్మ మళ్లీ మాట్లాడుతుంది.

ఇక్కడ ఆగి చూడాల్సిందేమిటంటే, ఆ పగటికలలకి కూడా టైమ్‌టేబుల్ ఉంది. నడవకుండా పడుకోడు, అలవకుండా కలగనడు. ఊరికే పడుకుని ‘అంతా మంచే జరుగుతుంది’ అనుకోవడం ఆ పేజీల్లో ఎక్కడా లేదు. నాకు మూడో వారంలో వచ్చిన టెన్షన్ అంతా పొద్దున్నుంచీ పడుకునే ఆలోచించడం వల్ల వచ్చిందని ఇక్కడే అర్థమైంది. మర్నాటి నుంచి కిటికీకీ తలుపుకీ మధ్య ఇరవై సార్లు, డాక్టరు సరే అన్నాకే సుమా.

5. ఆశ దేనితో మండుతోందో రాసుకోండి

నోటుబుక్‌లో ఒక పేజీ దీనికి కేటాయించండి, ఎందుకంటే మొదటి నోటుపుస్తకంలో ఈ మనిషిని బతికించింది మంచి ఆలోచన కాదు, పగ. తనకి శిక్ష వేయించిన ప్రాసిక్యూటర్ నాలుక ఎలా కోయాలి, పోలీసు కార్యాలయానికి పేలుడు పదార్థాల పెట్టె ఎలా పంపాలి, పేజీలకి పేజీలు అదే. చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది, మంచి పుస్తకం అని ఎవరికైనా ఇచ్చేముందు ఈ సంగతి చెప్పి ఇవ్వండి.

తేదీల వారీగా రాసుకుంటూ పోతే ఆ పగ పలచబడడం మీకే తెలుస్తుంది. దాని స్థానంలో చిన్న చిన్న వస్తువులు వస్తాయి. బొటనవేలంత లావు అల్యూమినియం గొట్టం, అందులో చుట్టి పెట్టిన నోట్లు, దాచేది ఎక్కడో చెప్పను, ఒళ్లు జలదరిస్తుంది. ఫ్రెంచ్ ఖైదీలు ఆ గొట్టాన్ని ‘ప్లాన్’ అనేవాళ్లట. నాకు పుస్తకం మొత్తంలో ఎక్కువ నచ్చిన మాట ఇదే: ప్లాన్ అంటే బుర్రలో ఉండేది కాదు, ఒంట్లో మోసుకు తిరిగేది.

6. ఇప్పుడు సినిమా పెట్టండి, ఒక్క సీన్ దగ్గర ఆపండి

సినిమా రెండున్నర గంటలు. దర్శకుడు ఫ్రాంక్లిన్ షాఫ్నర్, సంగీతం జెర్రీ గోల్డ్‌స్మిత్, చిత్రీకరణ ఎక్కువగా జమైకాలో. మెక్వీన్ పక్కన కళ్లద్దాల దొంగనోట్లవాడు లూయీ డెగాగా డస్టిన్ హాఫ్‌మన్. మొత్తం ఒకేసారి చూసేయండి, కానీ ఒంటరి ఖైదు భాగంలో ఒక సీన్ దగ్గర మాత్రం ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ చూడాలి.

సెల్ తలుపుల్లో చిన్న కంతలుంటాయి. పిలిచినప్పుడు ఖైదీలంతా వాటిలోంచి తలలు బయటపెట్టాలి. వరసగా తలుపులు, వరసగా తలలు. పక్క తలుపులోంచి తల పెట్టిన ఒక పీనుగలాంటి మనిషి మెక్వీన్‌ని గుసగుసగా అడుగుతాడు, నేనెలా ఉన్నాను అని. అద్దం లేదు కదా, తన మొహం తను చూసి ఎన్నాళ్లయిందో. మెక్వీన్ ఒక్క క్షణం తటపటాయించి, బాగున్నావంటాడు. ఆ తర్వాత ఆ తలుపులోంచి ఆ తల రాదు. చాలాకాలం గడిచాక, పళ్లు ఊడి, జుట్టు నెరిసి, మెక్వీనే పక్కనున్న కొత్తవాణ్ని అదే ప్రశ్న అడుగుతాడు. ఆ కొత్తవాడి కళ్లు చూడండి. జవాబు అక్కడే ఉంది, నోరు వేరే చెబుతుంది.

ఈ రెండు సీన్లకీ మధ్య కొబ్బరికాయ కథ నడుస్తుంది. డెగా దొంగచాటుగా కొబ్బరి ముక్కలు పంపిస్తాడు, అధికారులకి దొరికిపోతుంది, పంపిందెవరో చెప్పమంటారు. చెప్పకపోతే తిండి సగం, పైన ఊచలు కప్పేసి నెలల తరబడి చీకటి. బొద్దింకల్ని పట్టుకుని ఆ పలచటి జావలో వేసుకు తింటాడు గానీ పేరు చెప్పడు. పుస్తకంలోనూ స్నేహితులు పంపే కొబ్బరికాయ, సిగరెట్లు ఉన్నాయి. కాకపోతే అక్కడ అది ఒక్కడి త్యాగం కాదు, ఊడ్చేవాళ్లూ మోసేవాళ్లూ కలిసి రోజూ నడిపే ఒక సరఫరా. సినిమాకి ఒక హీరో కావాలి కాబట్టి ఆ గొలుసుని ఒక స్నేహంగా కుదించారు. తప్పు పట్టను, రెండున్నర గంటల్లో ఇంకేం చేస్తారు?

7. ఎవరి చేయి పట్టుకున్నాడో పక్కపక్కన రాయండి

ఇప్పుడు రెండో అడుగులో గీసిన పటం తీయండి.

మొదటిసారి పారిపోయినప్పుడు పడవ కోసం కుష్ఠు రోగులుండే దీవికి వెళ్తారు. పుస్తకంలో వాళ్లు కాఫీ ఇస్తారు. చీకటి, చలి, కాఫీ వేడిగా పొగలు కక్కుతోంది. ఇచ్చిన వాళ్లలో ఒకతని వేలు ఊడి గిన్నెకి అతుక్కుపోయి ఉంటుంది. ఇతను తాగేశాడు కూడా! సినిమాలో ఇదే సీన్ చుట్టగా మారింది. వాళ్ల పెద్ద తన నోట్లో చుట్ట తీసి ఇస్తాడు, మెక్వీన్ తీసుకుని ఒక దమ్ము పీలుస్తాడు. నాది అంటుకునే రకం కాదని నీకెలా తెలుసని అడిగితే, తెలియదంటాడు.

సినిమా సీన్ అద్భుతంగా ఉంటుంది, ఈలలు వేయిస్తుంది. కానీ చూడండి, అక్కడ గొప్పతనమంతా హీరో ధైర్యానిది. పుస్తకంలో గొప్పతనం కాఫీ కాచినవాళ్లది. లోకం వెలేసిన మనుషులు, ముక్కూ మొహం తెలియని ముగ్గురి కోసం పడవ చూపించి తమలో తాము చందాలు వేసుకుంటారు. తర్వాత ట్రినిడాడ్‌లో బోవెన్ అనే లాయరు కుటుంబం ఇంట్లో పెట్టుకుని స్నానానికి నీళ్లిచ్చి మంచాలు వేస్తుంది. ఆ ఇల్లు సినిమాలో లేనే లేదు. జార్జ్‌టౌన్‌లో ఇందర అనే అమ్మాయితో కాపురం పెడతాడు. మన దేశం నుంచి 1838, 1917 మధ్య బ్రిటిష్ గయానా చెరకు తోటలకి కూలీలుగా వెళ్లినవాళ్ల సంతతి అక్కడ చాలామంది, ఆ పిల్లదీ ఆ మూలమే. అదీ సినిమాలో లేదు.

నా పటంలో అన్నం పెట్టినవాళ్ల చుక్కలు జైళ్ల చుక్కలకంటే ఎక్కువ తేలాయి. మీ లెక్క వేరేగా రావచ్చు, వేసి చూడండి.

8. గోడల్లేని చోటు దగ్గర తొందరపడకండి

కొలంబియా తీరంలో గువాహీరా తెగవాళ్లు ఇతన్ని చేరదీస్తారు. ముత్యాల కోసం మునిగే లాలీ, ఆమె చెల్లెలు జొరైమా, సముద్రం, చేపలు, పైన అడిగేవాడు లేడు. నెలలు గడుస్తాయి, ఇద్దరూ గర్భవతులు. అప్పుడు లేచి వెళ్లిపోతాడు. దేనికి? పగ తీర్చుకోవాలట. వెళ్లి మళ్లీ దొరికిపోయి జైల్లో పడతాడు.

నాకు ఇక్కడ పుస్తకం విసిరికొట్టాలనిపించింది. బయటపడాలనే కోరిక ఎంత గట్టిదైపోయిందంటే, బయటే ఉన్నాడని కూడా దానికి తెలియడం లేదు. ఈ తెగ ఘట్టాన్ని సినిమా కాసేపట్లో, పచ్చబొట్టు పొడిచే సీన్‌తో అందంగా దాటేస్తుంది. మీరు దాటేయకండి. మీరు ఇప్పుడున్న గదిలోంచి బయటికి రాగానే ఏం చేయాలనుకుంటున్నారో ఆ జాబితా తీసి, అందులో ఎన్ని పగలున్నాయో చూసుకోండి. నా జాబితాలో మొదటి పేరు, ఆ మెట్ల మీద నీళ్లు ఒలకబోసి తుడవని పొరుగింటాయనది.

9. ఏడో అల, ఆ తర్వాత

డెవిల్స్ ఐలాండ్ కొండ అంచున, డ్రేఫస్ కూర్చున్నాడని చెప్పే బెంచీ మీద కూర్చుని అలలు చూస్తుంటాడు. ఏడో అల మిగతావాటికంటే పెద్దదని, అది వెనక్కి వెళ్లేటప్పుడు లోపలికి లాక్కుపోతుందని కనిపెడతాడు. దానికి లిజెట్ అని పేరు పెడతాడు. కొబ్బరికాయలు కుట్టిన సంచి విసిరి చూస్తాడు, రాళ్లకు కొట్టుకుని చిరిగిపోతుంది, టైమింగ్ మార్చి మళ్లీ విసురుతాడు. దూకడం ఒక్క క్షణం, లెక్కపెట్టడం రోజులూ వారాలూ. పుస్తకం రెండూ ఇస్తుంది. సినిమాలో మీకు గుర్తుండేది దూకడమే, మెక్వీన్ సంచి మీద తేలుతూ ‘నేనింకా ఉన్నానురా’ అని లోకాన్ని తిడుతూ అరవడమే.

సినిమాలో డెగా దూకడు. తన కూరగాయల మడి, తన పంది, తన గుడిసె చాలంటాడు. మొదటిసారి పిరికివాడనుకున్నాను, రెండోసారి అలా అనిపించలేదు. పుస్తకంలో సిల్వాన్ అనేవాడు కూడా దూకుతాడు, ఇద్దరూ తీరం దాకా తేలుతారు. ఒడ్డు కనబడగానే అతను తొందరపడి సంచి దిగుతాడు, బురద ఊబిలో కూరుకుపోయి చచ్చిపోతాడు. ఒడ్డు కనిపించిన తర్వాత.

సినిమా ఇక్కడ ఒక గొంతుతో ముగుస్తుంది: పాపియాన్ బయటపడ్డాడు, మిగతా జీవితం స్వేచ్ఛగా బతికాడు అని. తెర ఆర్పేసి వెంటనే పుస్తకం పదకొండో భాగం తీయండి. ఇంకా మూడు మిగిలి ఉన్నాయి! అడవి, జార్జ్‌టౌన్, మళ్లీ పడవ, వెనిజులా, అక్కడ ఎల్ డొరాడోలో మళ్లీ జైలు. 1945లో గానీ విడుదల కాలేదు. ఫ్రాన్స్ క్షమాభిక్ష పెట్టింది 1970లో, పుస్తకం అమ్ముడయ్యాక. సినిమా విడుదలకి కొన్ని నెలల ముందు, 1973లో, షారియేర్ చనిపోయాడు.

ఆఖరి పని ఒకటుంది. సినిమా మొదటి సీన్ మళ్లీ పెట్టండి. ఖైదీలు బట్టల్లేకుండా వరసగా నిలబడి ఉంటారు, ఒక అధికారి వచ్చి, ఫ్రాన్స్ మిమ్మల్ని వదిలించుకుంది, ఇక ఫ్రాన్స్‌ని మర్చిపొమ్మని చెబుతాడు. ఆ వేషం వేసింది డాల్టన్ ట్రంబో, ఈ స్క్రీన్‌ప్లే రాసిన ఇద్దరిలో ఒకడు. అమెరికాలో కమ్యూనిస్టుల వేటలో విచారణ సంఘానికి జవాబు చెప్పననందుకు 1950లో జైలుకెళ్లినవాడు, ఆ తర్వాత ఏళ్లతరబడి తన పేరుతో సినిమాలకు రాయనివ్వకుండా చేస్తే దొంగపేర్లతో రాసినవాడు. ఆయన అక్కడ యూనిఫాం వేసుకుని, టోపీ పెట్టుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా ఆ వరసని చూస్తుంటాడు.